వదిన చదవని పదహారు పేజీలు

మా వదిన పుస్తకం చదివే తీరు చూస్తే ఎవరికైనా ఆ పుస్తకం మీద జాలేస్తుంది. పేజీలు మడుస్తుంది, అంచుల్లో పెన్సిలుతో గీస్తుంది. నచ్చని వాక్యం తగిలితే "ఛీ" అని పైకే అంటుంది. నచ్చితే పుస్తకాన్ని ఒళ్ళో బోర్లించుకుని గోడవైపు చూస్తూ కూచుంటుంది. ఆ సమయంలో ఆవిడతో మాట్లాడినవాడు చెడ్డాడే. నేను బైండర్ని. పుస్తకాలు కుడతాను, అతుకుతాను, అట్టలేస్తాను. చదవను. వదిన చదివి చింపిన పుస్తకాలు బాగుచెయ్యడంతోనే సగం రోజు గడిచిపోతుంటే ఇంక చదివే తీరిక ఎక్కడిది?

దుకాణం వదినది. ముందు గదిలో పుస్తకాలు, వెనక గదిలో నా బైండింగు, మధ్యలో ఒక తెర. మా అన్నయ్య కూడా ఉంటాడు గానీ ఆయన్ని బల్ల దగ్గర కూచోబెడితే వచ్చినవాళ్ళతో కబుర్లలో పడి, వాళ్ళు ఏ పుస్తకం కోసం వచ్చారో వాళ్ళే మర్చిపోయేలా చేస్తాడు. వదిన మా ఇంట్లో అడుగుపెట్టేనాటికి నాకు పన్నెండేళ్ళు. అప్పటినుంచీ ఆవిడ నన్ను తిడుతోంది, నేను ఆవిణ్ణి ఏడిపిస్తున్నాను. ఆవిడంటే నాకు ఎంత గౌరవమో ఆవిడకి తెలియకుండా ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను.

గౌరవం ఊరికే రాలేదు. ఒకసారి ఒక నర్సు వచ్చి, "నిద్ర పట్టే పుస్తకం ఏదైనా ఉంటే ఇవ్వండి" అంది. వదిన ఆవిణ్ణి రెండు ప్రశ్నలు అడిగి, లోపలికెళ్ళి ఒక పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. "ఇది నిద్ర పట్టే పుస్తకం కాదమ్మా. నిద్ర పట్టకపోయినా ఫరవాలేదనిపించే పుస్తకం." ఆ నర్సు ఇప్పటికీ నెలకోసారి వస్తుంది. అలా వచ్చేవాళ్ళు చాలామంది. తిరిగొచ్చి పోట్లాడేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు ఇంకా ఎక్కువ కొంటారు. ఆవిడ బాగుందన్నదంటే బాగున్నట్టే అన్న మాట మెల్లగా వేరే దుకాణాలవాళ్ళ దాకా పాకింది.

మాలాంటి దుకాణాలన్నీ కలిసి ఏడాదికోసారి రెండు రోజులు సభ పెట్టుకుంటాయి. ఏ పెద్ద సంస్థకీ చెందని, యజమానే ఊడ్చుకుని యజమానే అమ్ముకునే కొట్లు, మొత్తం అరవై రెండు. సభ జరిగేది ఒక వర్తక సంఘం భవనంలో, మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది. పుస్తకాల పెట్టెలు ఎక్కించాల్సిన రోజున మాత్రం అది పనిచెయ్యదు. అందుకే వదిన "మా మరిది కూడా వస్తున్నాడు" అని ముందే రాసి పంపుతుంది. అక్కడ నేను అతిథిని కాను, కూలీని.

హాలు నాలుగు గోడల పొడుగునా బల్లలు. ఒక్కో బల్ల వెనక ఒక్కో ప్రచురణకర్త, ముందు మూడు నెలల తర్వాత రాబోయే పుస్తకాలు. వాటికింకా బొమ్మ అట్ట రాలేదు, 'అమ్మకానికి కాదు' అన్న ముద్ర మాత్రం ఉంటుంది. అమ్ముకుని బతికేవాళ్ళకి అమ్మకానికి కాదన్న దాని మీద ఎంత ఆశో చూడాలంటే అక్కడికే రావాలి. వచ్చేటప్పుడు ఒక సంచీ, వెళ్ళేటప్పుడు నాలుగు. పక్క గదిలో చర్చలు జరుగుతుంటాయి. ఈసారి పిల్లల పుస్తకాల అల్మరా ఎంత ఎత్తుండాలన్న దాని మీద గంటన్నర వాదించుకుని, పిల్లల ఎత్తు ఉండాలని తేల్చారు.

నాకు వీళ్ళని చూస్తే నవ్వొస్తుంది, ముచ్చటా వేస్తుంది. పరాయివాళ్ళ బల్ల మీద పుస్తకాలు వంకరగా ఉంటే చూస్తూ ఊరుకోలేరు, మాట్లాడుతూనే సర్దేస్తారు. ఏ పుస్తకం చేతికిచ్చినా ముందు వాసన చూస్తారు. వాళ్ళలో ఇంకో మర్యాద ఉంది. ఎవరూ ఎవర్నీ "ఈ పుస్తకం చదివారా?" అని అడగరు. "ఎక్కడిదాకా వచ్చారు?" అంటారు. అసలు మొదలే పెట్టనివాడు కూడా "ఇంకా మొదట్లోనే ఉన్నానండీ" అని గౌరవంగా బయటపడొచ్చు. పుస్తకాలమ్మే మనిషిని పట్టుకుని "నువ్వు చదవలేదు" అనడం, వంటమనిషిని పట్టుకుని "నువ్వు చేతులు కడుక్కోలేదు" అనడం లాంటిది. ఒకసారి ఆ మాట పడ్డాక అతను ఏ పుస్తకాన్ని మెచ్చుకున్నా వినేవాళ్ళు ఉండరు.

సభలో ఆఖరి కార్యక్రమాన్ని 'ఒక్క పుస్తకం' అంటారు. అరవై రెండు దుకాణాల పేర్లూ చీటీలు వేసి ఒకటి తీస్తారు. ఆ వచ్చిన మనిషి వేదికెక్కి, ఇంకా విడుదల కాని పుస్తకం ఒక్కదాని గురించి పది నిమిషాలు మాట్లాడాలి. చివరి వాక్యందాకా చదివినవాళ్ళే మాట్లాడాలన్నది నియమం. మాట నచ్చితే అన్ని దుకాణాలూ ఆ పుస్తకాన్ని నెలరోజులు గుమ్మానికి ఎదురుగా పెట్టుకుంటాయి. చిన్న ప్రచురణకర్తకి అంతకంటే వరం లేదు. వదిన ఇరవై ఆరేళ్ళుగా వెళ్తోంది. ఈ ఏడు ఆవిడ చీటీ వచ్చింది.

ఆవిడ ఎంచుకున్న పుస్తకం ఒక కొత్త రచయిత్రిది. ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసుకునే అమ్మాయి రాసింది. రెండు గదుల ఆఫీసులో ఒంటరిగా ప్రచురణ నడిపే ఒకావిడ దాన్ని వెయ్యబోతోంది. ముందుగా చదవడానికని ఇరవై ప్రతులు చేత్తో కుట్టించి కొందరికి పంపితే అందులో ఒకటి వదినకి చేరింది. ఒకే గోడకి అటొకరు ఇటొకరు కాపురముంటూ తొమ్మిదేళ్ళుగా మాటల్లేని అక్కచెల్లెళ్ళ కథ. చివరికి అక్క వచ్చి చెల్లెలి గుమ్మం ముందు నిలబడుతుంది. 'ఆమె చెయ్యి ఎత్తింది.' అంతే. తలుపు తట్టిందో లేదో తెలియదు.

ఆ ముగింపు వదినని పట్టుకుంది. నాలుగుసార్లు చదివింది. ఐదోసారికి పుస్తకం విడిపోతే నేనే విప్పి మళ్ళీ కుట్టాను. నెల్లాళ్ళు దుకాణానికి ఎవరొచ్చినా అదే పాట. "అక్కడ ఆపేసిందండీ! సమాప్తం అన్న ముక్క కూడా వెయ్యలేదు. ఎంత గుండె ధైర్యం ఉండాలి!" సభ మొదటిరోజున ఆ ప్రచురణకర్తతోనూ అదే అంది. "ఆ ముగింపుకి ఎంత ధైర్యం కావాలండీ!" ఆవిడ మురిసిపోయింది. "అవునండీ, నేనే మొదట వద్దన్నాను. ఆ అమ్మాయి వినలేదు." ఇద్దరూ చేతులు పట్టుకుని ఊగిపోయారు. ఇద్దరూ వేరువేరు ముగింపుల గురించి మాట్లాడుకుంటున్నారని ఎవరికి తెలుసు?

రెండో రోజు పొద్దున్న టీ బల్ల దగ్గర గొడవ మొదలైంది. నిజానికి గొడవకి ఇద్దరు కావాలి. అక్కడ ఉన్నది మా వదినా, మెట్లకింద కొట్టాయనా. ఆయన దుకాణం ఒక ఆఫీసు భవనంలో మెట్ల కింద ఉంటుంది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు తనకేం కావాలో బయటినుంచి అరిచి చెప్పాలి. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. సభలో ఎప్పుడూ ఆఖరి వరసలో కూచుని చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉంటాడు. ఆ రోజు ఎంత ఉత్సాహం వచ్చిందో ఏమో, తనంతట తనే వదిన దగ్గరికొచ్చాడు.

"అమ్మా, సాయంత్రం మీరు మాట్లాడేది ఆ అక్కచెల్లెళ్ళ పుస్తకం గురించేనట. నేనూ చదివానమ్మా. చాలా నచ్చింది."

వదిన ముఖం వెలిగిపోయింది. "నచ్చిందా! ఆ ముగింపు చూశారా?"

"అబ్బ, దాని గురించే చెప్దామనమ్మా. ఆ కరెంటు మాట దగ్గర నేనైతే..."

"ఏ కరెంటు మాట?"

"అదేనమ్మా, చివర్లో కరెంటు పోతుంది గదా. చెల్లెలు ఇస్త్రీపెట్టె పట్టుకుని వచ్చి..."

వదిన టీ కప్పు కింద పెట్టింది. ఆవిడ కప్పు అలా పెట్టిందంటే నేను రెండడుగులు వెనక్కి వేస్తాను. ఆయనకి ఆ అలవాటు లేదు.

"ఇస్త్రీపెట్టా? ఆ పుస్తకంలో ఇస్త్రీపెట్టె ఎక్కడుందండీ?"

"తలుపు తీశాకమ్మా."

"తలుపు తియ్యడమేమిటి! ఆ తలుపు తియ్యకపోవడమే కదండీ ఆ పుస్తకం!"

గొంతు పెరిగేసరికి చుట్టూ మనుషులు చేరారు. ఆయన తన సంచీ తడుముకున్నాడు. "నా పుస్తకం తెస్తే చూపించేవాణ్ణమ్మా. మా ఆవిడ చదువుతోందని ఇంట్లోనే వదిలేశాను."

వెనకనుంచి ఎవరో, "హోంవర్కు ఇంట్లో మర్చిపోయారా మాస్టారూ?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ సంగతి దాచను.

వదిన నవ్వలేదు. ఆవిడకి ముక్కు మీద కోపం, అందులోనూ పుస్తకం దగ్గర మరీ. "చూడండీ, చదవకపోతే చదవలేదనండి, తప్పులేదు. చదవని పుస్తకాన్ని మాత్రం మెచ్చుకోకండి. రాసినవాళ్ళకి అంతకంటే అవమానం ఉండదు."

ఆ మాట అక్కడ ఎవరూ అనరు. ఆయన సగం తాగిన టీ బల్ల మీద పెట్టి, "సరేనమ్మా" అని మెల్లగా బయటికి నడిచాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. మా వదిన నోరు జారలేదు, గురిచూసి విసిరింది. ఆ పూటంతా ఆయన ఏ బల్ల దగ్గరికి వెళ్ళినా జనం చూపులు మార్చుకోవడం నేను చూశాను.

మధ్యాహ్నం మూడు దాటాక, ఆ రెండు గదుల ప్రచురణకర్త నన్ను పిలిచింది. తన బల్ల మీద ఉన్న ప్రతికి అట్ట ఊడిందట, నా దగ్గర జిగురు ఉంటుందని ఎవరో చెప్పారట. పుస్తకం చేతికి తీసుకుని, అలవాటుకొద్దీ దాని కుట్టిన అంచు మీద బొటనవేలు నడిపించాను. పుస్తకం పేజీలు ఒక్కొక్కటిగా ముద్రించరు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు వేసి మడుస్తారు. ఆ మడతని ఫారం అంటాం. ఫారాలన్నీ వరసగా పేర్చి కుడితే పుస్తకం. నేను ఏ పుస్తకం పట్టుకున్నా ముందు ఫారాలు లెక్కపెడతాను. ఇందులో పన్నెండున్నాయి.

పోయిన నెల వదిన ప్రతిని విప్పి కుట్టింది ఈ చేతులే. అందులో పదకొండు.

ఆఖరి పేజీలు తిప్పి చూశాను. ఇస్త్రీపెట్టె కనబడింది. ఎవరో కుట్టేటప్పుడు ఒక ప్రతికి చివరి ఫారం వెయ్యడం మర్చిపోయారు. ఇరవైలో ఆ ఒక్కటీ వచ్చి మా ఇంట్లో పడింది. పదకొండో ఫారం సరిగ్గా ఒక వాక్యం పూర్తయ్యే దగ్గర ముగిసింది. వదిన దాన్ని ధైర్యమనుకుంది.

నిజం చెప్పాలంటే నోరు మూసుకుందామనే అనుకున్నాను. ఇంకో ముప్పావుగంటలో ఆవిడ వేదికెక్కాలి. ఇరవై ఆరేళ్ళకి ఒకసారి వచ్చిన వంతు. పుస్తకం చదివింది అక్కడ ఏ నలుగురో. మెట్లకింద కొట్టాయన నోరెత్తడు. ప్రచురణకర్తకి ఏదో తేడాగా అనిపించినా తన పుస్తకాన్ని పొగుడుతున్నప్పుడు లేచి కాదనదు. ఎవరికీ తెలియదు. కానీ పొద్దున్న ఆయన కప్పు కింద పెట్టిన తీరు నా కళ్ళలో ఉండిపోయింది. పైగా ఆయన్ని చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ పుస్తకం అడిగి తీసుకుని, వదినని కిందకి, మా వ్యాన్ దగ్గరికి లాక్కెళ్ళాను.

"ఏంటయ్యా, టైము కాని టైములో? కాయితాలు చూసుకోవాలి నేను."

"నీ దాంట్లో ఆఖరి ఫారం లేదు వదినా. పదహారు పేజీలు."

"వేళాకోళాలాడకు."

"పుస్తకాల విషయంలో నీతో వేళాకోళమాడానా ఎప్పుడైనా?"

"నువ్వు చేసేదే అది!" అంటూ పుస్తకం లాక్కుంది. తన సంచీలోంచి తన ప్రతి తీసి, రెండూ వ్యాన్ సీటు మీద పక్కపక్కన తెరిచి పెట్టింది. రెండిటి ఆఖరి పేజీలూ పోల్చి చూసింది.

"కుట్టేటప్పుడు నువ్వు చూసుకోలేదా?"

"పేజీలు వరసగా ఉన్నాయా లేదా చూశాను. కథ అయిందా లేదా చూడ్డం నీ పని."

"అదీ నిజమే," అంది. ముప్ఫై ఏళ్ళలో నా మాట మొదటిసారి ఒప్పుకుంది. నాకేం సంతోషం కలగలేదు.

వ్యాన్ ముందు సీట్లో కూచుని చదవడం మొదలుపెట్టింది. నేను బయట నిలబడి ఆవిణ్ణే చూస్తున్నాను. ముందు పెదాలు బిగించి చదివింది, తప్పు పట్టుకుందామన్నట్టు. రెండో పేజీ తిప్పాక ఫక్కున నవ్వింది. ఆ తర్వాత పేజీలు మెల్లగా తిరిగాయి. చివరిది అయ్యాక పుస్తకం ఒళ్ళో బోర్లించుకుని ఎదురుగా ఉన్న గోడవైపు చూస్తూ కూచుంది. నేను మాట్లాడలేదు.

"నేను మెచ్చుకున్నదానికంటే బాగుందయ్యా," అంది చివరికి. "తలుపు ముందు ఆపెయ్యడం తేలిక. తలుపు తీశాక ఏం మాట్లాడుకుంటారో రాయడం కష్టం. ఆ పిల్ల కష్టమైందే రాసింది. నేను తేలికైనదాన్ని పట్టుకుని నెల్లాళ్ళు ధైర్యం ధైర్యమని ఊగిపోయాను."

"ముగింపు సంగతి ఎత్తకు వదినా. మిగతాది చాలు, పది నిమిషాలు ఇట్టే అయిపోతాయి. ఆయనకి తర్వాత ఫోన్ చేసి చెప్పుకోవచ్చు."

ఆవిడ నావైపు చూసిన చూపుకి నేను మళ్ళీ పన్నెండేళ్ళవాణ్ణి అయిపోయాను. "అంతమంది ముందు అన్న మాటకి ఫోన్లో క్షమాపణా?"

"మరి ఇన్నేళ్ళుగా నువ్వు చెప్పిందే వేదంగా వింటున్నారు వాళ్ళు. రేపట్నుంచి ఎవరు వింటారు?"

"వినకపోతే మానెయ్యనీ. నా మాట నిలబెట్టుకోడానికి ఆయన మాట పడగొట్టనా?" అని దిగి, మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆ మూడు అంతస్తులూ నాకంటే ముందు ఎక్కింది.

హాలు నిండిపోయి ఉంది. వదిన నాలుగు పేజీల ప్రసంగం రాసుకుని వారం రోజులుగా అద్దం ముందు సాధన చేసింది. దాన్ని సంచీలోంచి తియ్యనే లేదు. రెండు పుస్తకాలూ చేత్తో పట్టుకుని మైకు ముందు నిలబడింది.

"ఒక ముగింపు గురించి మాట్లాడదామని వచ్చాను. ఆ ముగింపు ఆ పుస్తకంలో లేదు."

కొందరు నవ్వారు.

"నవ్వండి. పొద్దున్న ఒక మనిషిని చూసి నవ్వారు గదా, నావల్లే. ఆ నవ్వు ఆయన దగ్గర్నించి వెనక్కి తీసుకుని ఇటు తిప్పండి. నా ప్రతిలో ఆఖరి పదహారు పేజీలు లేవు. నేను చూసుకోలేదు. అవి ఉన్న పుస్తకం చదివిన ఆయన్ని పట్టుకుని, మీ అందరి ముందూ చదవలేదన్నాను. ఆయన చదివారు." తన ప్రతిని పైకెత్తి చూపించింది. "నేను చదవలేదు."

ఆ గదిలో ఆ మాట బరువెంతో అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. ఇంకొకర్ని అనడానికే నోరు రాని మాట అది. తన గురించి తనే, మైకులో, ఇరవై ఆరేళ్ళకి వచ్చిన వంతులో చెప్పుకున్నవాళ్ళని నేను అంతకుముందు చూడలేదు. ఆ క్షణంలో మా వదినని చూసి నాకెంత గర్వమేసిందో చెప్పలేను.

"చివరిదాకా చదివినవాళ్ళే ఇక్కడ మాట్లాడాలి. నేను ఆ పేజీల్ని ఇప్పుడే, వ్యాన్లో కూచుని, గుండె దడదడలాడుతుంటే చూశాను. దాన్ని చదవడమనరు. కాబట్టి ఈ వంతు నాది కాదు, ఆయనది." తలుపు పక్కన, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూచున్న మెట్లకింద కొట్టాయన వైపు చెయ్యి చాపింది. "రండి."

ఆయన అడ్డంగా తల ఊపాడు.

"మీరొచ్చేదాకా నేను దిగను. నా మొండితనం సంగతి కావాలంటే మా మరిదిని అడగండి."

అరవై తలలు నావైపు తిరిగాయి. "నిజమేనండీ," అన్నాను. "వచ్చెయ్యండి, లేకపోతే రేపటిదాకా ఇక్కడే ఉంటాం."

ఆయన వచ్చాడు. సంచీ కూడా తెచ్చుకున్నాడు. మైకుని కాసేపు అనుమానంగా చూశాడు. మొదటి రెండు మాటలు ఎవరికీ వినబడలేదు.

"తొమ్మిదేళ్ళండీ," అన్నాడు. "పండగొచ్చినా పలకరింపు లేదు, జబ్బు చేసినా లేదు. అక్క చెయ్యెత్తుతుంది. తట్టకముందే తలుపు తెరుచుకుంటుంది. వీధంతా చీకటి. చెల్లెలు నిలబడి ఉంటుంది, చేతిలో సగం వేడెక్కిన ఇస్త్రీపెట్టె. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట ఏమంటుందో తెలుసాండీ? 'మీ ఇంట్లో కూడా కరెంటు పోయిందా?' అంటుంది."

హాలంతా గొల్లుమంది. నవ్వు ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగా ఆగిపోయింది. నా పక్కనావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అంతేనండీ. మిగతా పేజీలన్నీ వాళ్ళు కరెంటు గురించే మాట్లాడుకుంటారు. పాత సంగతి ఒక్కటీ ఎత్తరు. ఎత్తకుండానే అన్నీ అయిపోతాయి. నాకింతకంటే చెప్పడం రాదు." అని దిగిపోయాడు. పది నిమిషాల వంతులో ఆయన రెండు నిమిషాలు కూడా వాడుకోలేదు.

పుస్తకాన్ని గుమ్మానికి ఎదురుగా పెట్టుకుంటామని అరవై రెండు దుకాణాలూ చేతులెత్తాయి. ఆ ప్రచురణకర్త తన బల్ల వెనక రెండు చేతులతో నోరు మూసుకుని ఏడుస్తోంది.

జనం పలచబడ్డాక వదిన ఆయన్ని టీ బల్ల దగ్గర పట్టుకుంది. "పొద్దున్న మీకు కోపం రాలేదా అండీ? ఒక్క మాటన్నా అనలేదేం?"

"కోపం కాదమ్మా, భయమేసింది," అన్నాడాయన. "పదిహేనేళ్ళుగా మీరు ఇక్కడ చెప్పిన పుస్తకాలే రాసుకెళ్ళి తెప్పించుకుంటున్నాను. ఒక్కటీ తప్పు పోలేదు. అలాంటిది మీరు లేదనేసరికి నా మీద నాకే అనుమానమొచ్చింది. నిజంగా చదివానా, కలగన్నానా అని. బయటికెళ్ళి మా ఆవిడకి ఫోన్ చేసి ఆ పేజీ చదివించుకున్నాను. ఉంది. అప్పుడు ప్రాణం కుదుటపడింది."

"అంటే పొద్దుటినుంచీ మీకు తెలుసు!"

"మీ ప్రతిలోనే ఏదో లోటుండి ఉంటుందని అనుకున్నానమ్మా."

"మరి వచ్చి నా మొహాన చెప్పచ్చుగా!"

"చెప్తే మీ మనసు పాడవుతుంది. మీరు సరిగ్గా మాట్లాడకపోతే ఆ పుస్తకం మునిగిపోతుంది. నాలుగొందల ప్రతులు వేసి అటకెక్కించేస్తారు. నేను చదివానా లేదా అన్నది ఎవరిక్కావాలి? పుస్తకం బతికితే చాలనుకున్నాను."

ఈ వ్యాపారంలో మా వదినకి సాటి వచ్చే మనిషి లేదని ఇన్నాళ్ళూ లోపల్లోపల గొప్పలు పోయాను. ఉన్నాడు. ఆఖరి వరసలో కూచుంటాడు.

వదిన చెయ్యి చాపింది. "మీ ఆవిడకి ఫోన్ కలిపి ఇవ్వండి."

"ఎందుకమ్మా, ఇప్పుడు?"

"ఇవ్వండి."

ఆయన కలిపి ఇచ్చాడు. పాత ఫోను, అవతలి గొంతు నాకూ వినబడుతోంది. వదిన తన దుకాణం పేరు చెప్పి, "మీ ఆయన ఆ అక్కచెల్లెళ్ళ పుస్తకం చివరిదాకా చదివారమ్మా. ఆ సంగతి మీకు చెప్దామని చేశాను" అంది.

"చదవలేదని ఎవరన్నారండీ?" అంది అవతలావిడ.

వదిన కళ్ళు మూసుకుంది. వేదిక మీద తడబడని మనిషి అక్కడ తడబడింది. "నేనేనమ్మా. అందరి ముందూ అన్నాను."

అవతలావిడ మెల్లగా అంది. "అందుకా పొద్దున్న ఆయన గొంతు అలా ఉంది. ఏమైందంటే చెప్పలేదు."

"తప్పైపోయిందమ్మా. ఇప్పుడే అందరి ముందూ ఒప్పుకున్నాను. అయినా మీకు..." ఆ మాట పూర్తి కానివ్వలేదు అవతలావిడ.

"ఆయన భోంచేశారా?"

వదిన ఆయన వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. పొద్దున్న వదిలేసిన సగం టీ తప్ప ఆ మనిషి కడుపులో ఏమీ పడలేదని మా ఇద్దరికీ అప్పుడర్థమైంది.

"లేదమ్మా."

"ముందు తినమనండి. క్షమాపణలు తర్వాత చెప్పుకోవచ్చు."

"అలాగేనమ్మా," అంది వదిన, చిన్నపిల్లలా. నన్ను కింద క్యాంటీన్‌కి తరిమింది. నేను పళ్ళెం తెచ్చేసరికి ఆయనకి కుర్చీ వేసి, ఎదురుగా తను కూచుని, కళ్ళు తుడుచుకుంటూ నీళ్ళ గ్లాసు నింపుతోంది. ఆయన తినడం పూర్తయ్యేదాకా అక్కణ్ణించి లేవలేదు.